రొయ్యల ప్లాంటుకి ఆర్వో ప్రపోజల్: ఎంక్వైరీ నుంచి ఆర్డరు దాకా ఎలా చేయాలి

వాట్సాప్‌లో ఒక్క లైను వస్తుంది: "200 కేఎల్‌డీ ఆర్వో కావాలి, రేటు పంపండి." (కేఎల్‌డీ అంటే రోజుకి కిలోలీటర్లు. ఆర్వో అంటే రివర్స్ ఆస్మాసిస్, మెంబ్రేన్ అనే సన్న పొరతో నీళ్లలో ఉప్పులు తీసే పద్ధతి.) నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వాటర్ ట్రీట్‌మెంట్ ఎంక్వైరీలు చాలా వరకు ఇంతే ఉంటాయి. అడిగేది రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్ కావచ్చు, హేచరీ కావచ్చు, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీ కావచ్చు, కనిగిరి వైపు ఊళ్లో మంచినీళ్ల ప్లాంటు కావచ్చు. ఆ ఒక్క లైనుని ధైర్యంగా సంతకం పెట్టగలిగే ప్రపోజల్‌గా మార్చడమే ప్రపోజల్ ఇంజనీర్ పని. మీరు రాసే ప్రతి అంకె ఆర్డరు వచ్చిన రోజు నుంచి మీ కంపెనీ పూచీ అవుతుంది. అందుకని ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూపించలేకపోతే ఆ అంకె రాయకూడదు.

ఇక్కడ అంతా ఒకే ఉదాహరణ మీద నడుద్దాం: నెల్లూరు తీర మండలంలో రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్, బోరు నీళ్లు. అంకెలు లెక్క చూపించడానికి పెట్టినవి. మీ సైటుకి మీ రిపోర్టులో అంకెలే వేసుకోవాలి.

1. రేటు చెప్పకముందు ఫోన్ చేయండి

"200 కేఎల్‌డీ" అంటే లోపలికి వెళ్లే నీళ్లా, బయటికొచ్చే మంచినీళ్లా? మొదటి ప్రశ్న ఇదే. రెంటికీ మధ్య తేడా దాదాపు మూడోవంతు ప్లాంటు. తర్వాత, ఆ 200 ఎన్ని గంటల్లో కావాలి? 24 గంటలూ ఆడే ప్లాంటుని ఎవరూ అమ్మకూడదు. బ్యాక్‌వాష్‌కి (ఫిల్టర్‌లోకి నీళ్లు వెనక్కి తోసి కడగడం), కరెంటు పోవడానికి, మెంబ్రేన్ కడగడానికి టైము కావాలి. 20 గంటలు పెట్టుకుంటే గంటకి 10 క్యూబిక్ మీటర్ల ప్రొడక్ట్ నీళ్లు. ఇక నుంచి మన లెక్కకి ఆధారం ఇదే.

ఆ తర్వాత నీళ్లు దేనికని అడగండి. రొయ్యలు కడగడానికి, ఐసు చేయడానికి అయితే తాగునీటి ప్రమాణం, అంటే ఐఎస్ 10500 కావాలి. దాని మీద ఎగుమతి తనిఖీ సంస్థ, కొనే దేశం పెట్టే షరతులు కూడా ఉంటాయి. బాయిలర్‌కి అయితే కథ వేరు, సిలికా, హార్డ్‌నెస్ పరిమితులు బాయిలర్ ప్రెజర్‌ని బట్టి మారతాయి. కొందరు "అన్నిటికీ ఒకటే ప్లాంటు" అంటారు. ఫ్లోరు కడిగే నీళ్లకి కూడా ఆర్వో వాడితే ఖర్చు దండగ. ఆ మాట ముందే చెప్పండి, ప్లాంటు సైజు తగ్గినా సరే. ఆ క్లయింటు రేపు విస్తరణకి కూడా మిమ్మల్నే పిలుస్తాడు.

బోరు ఎంత నీళ్లిస్తుందో కూడా అప్పుడే అడగండి. "రెండించుల నీళ్లు సార్, ఎప్పుడూ తగ్గలేదు" అంటారు. ఇంచులతో డిజైన్ చేయలేం. 200 లీటర్ల డ్రమ్ము పెట్టించి సెకన్లు చూడమనండి. 70 శాతం రికవరీకి (లోపలికి వెళ్లిన నీళ్లలో మంచినీళ్లుగా బయటికొచ్చే వంతు) మనకి గంటకి 14.3 క్యూబిక్ మీటర్లు కావాలి, అంటే డ్రమ్ము 50 సెకన్లలో నిండాలి. అదీ మోటారు వేసిన ఐదో నిమిషంలో కాదు, రెండు మూడు గంటలు ఆడాక. పైగా ఇది కనీసం మాత్రమే, బ్యాక్‌వాష్ నీళ్లు దీనికి అదనం. మే నెలలో అదే బోరు ఎంతిస్తుందో అడిగి రాసుకోండి. చాలకపోతే రెండో బోరు లేదా రా వాటర్ సంపు క్లయింటు స్కోప్‌లో, అంటే క్లయింటు చేసుకోవాల్సిన పనుల్లో పెట్టాలి, అదీ ప్రపోజల్‌లో రాసి.

2. శాంపిల్ సరిగ్గా తీయించండి

ప్రపోజల్ తప్పు పోయేది ఎక్కువగా ఇక్కడే. క్లయింటు దగ్గర ఒక ల్యాబ్ రిపోర్టు ఉంటుంది, అందులో పీహెచ్, టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పులన్నీ కలిపి, లీటరుకి మిల్లీగ్రాముల్లో), హార్డ్‌నెస్, క్లోరైడ్ ఉంటాయి. సోడియం, సిలికా, బేరియం ఉండవు. ఆ రిపోర్టుతో తాగడానికి పనికొస్తాయో లేదో చెప్పవచ్చు గానీ ఆర్వో డిజైన్ చేయలేం.

శాంపిల్ తీసే కుర్రాడికి ఇలా చెప్పండి. మోటారు కనీసం అరగంట ఆడాక బోరు దగ్గరే పట్టాలి, ఓవర్‌హెడ్ ట్యాంకు కుళాయి దగ్గర కాదు. సీసా గాజుది వద్దు, గాజులోంచి సిలికా నీళ్లలోకి దిగుతుంది. కొత్త ప్లాస్టిక్ డబ్బాని అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, అంచు దాకా నింపి, గాలి లేకుండా మూత బిగించాలి. ఒకటి ఇలా మామూలుగా. రెండో చిన్న డబ్బాలో ల్యాబ్ ఇచ్చిన నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేసి పీహెచ్ 2 కంటే కిందికి తేవాలి, ఇది ఐరన్, మాంగనీస్, బేరియం లాంటి లోహాలకి. బాక్టీరియా పరీక్షకి ల్యాబ్ ఇచ్చిన స్టెరిలైజ్ చేసిన సీసా, ఐసు పెట్టెలో, అదే రోజు ల్యాబ్‌కి.

యాసిడ్ డబ్బా ఎందుకంటే, బోరులోంచి వచ్చేటప్పుడు ఐరన్ నీళ్లలో కరిగి ఉంటుంది, నీళ్లు అద్దంలా కనిపిస్తాయి. డబ్బాలో గాలి తగిలితే కొన్ని గంటల్లో ఎర్రటి పొడిగా అడుగున దిగుతుంది. ల్యాబ్ వాళ్లు పైనున్న తేట తీసి పరీక్షిస్తారు. రిపోర్టులో ఐరన్ లీటరుకి 0.05 మిల్లీగ్రాములు అని వస్తుంది. మీరు ఐరన్ ఫిల్టర్ పెట్టరు. ప్లాంటు మొదలైన కొద్ది వారాల్లోనే కార్ట్రిడ్జ్‌లు (మెంబ్రేన్ ముందుండే సన్న ఫిల్టర్లు) ఇటుక రంగుకి తిరుగుతాయి, ముందు వరస మెంబ్రేన్‌లు మూసుకుపోతాయి. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వెళ్లడమంటే ఇదే.

పీహెచ్, కండక్టివిటీ, ఉష్ణోగ్రత అక్కడికక్కడే చేతి మీటరుతో చూసి రాసుకోవాలి. పీహెచ్ దారిలో మారిపోతుంది. వాసన కూడా రాయించండి. తీరం దగ్గర కొన్ని బోర్లు కుళ్లిన గుడ్డు వాసన వేస్తాయి, అది హైడ్రోజన్ సల్ఫైడ్. దానికి గాలి తగిలితే సన్నటి గంధకం రేణువులై మెంబ్రేన్ మీద కూర్చుంటాయి. కడిగినా అంత తేలిగ్గా వదలవు.

ఏ నెలలో తీశారన్నది ఇంకో సంగతి. నెల్లూరులో ప్రధాన వాన ఈశాన్య రుతుపవనాలదే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. డిసెంబరు శాంపిల్‌లో టీడీఎస్ తక్కువ చూపిస్తుంది, మే నెలలో అదే బోరు ఎక్కడికో పోతుంది. ఉప్పుటేరుకి, బకింగ్‌హామ్ కాలవకి, రొయ్యల చెరువులకి దగ్గరున్న బోరైతే ఇంకా జాగ్రత్త. పాత రిపోర్టులు ఉంటే అడగండి. లేకపోతే ఈ నెల అంకెలతో ఒకసారి, టీడీఎస్ 25 శాతం పెంచి ఇంకోసారి ప్రొజెక్షన్ (మెంబ్రేన్ కంపెనీ సాఫ్ట్‌వేర్ వేసే పనితీరు అంచనా) వేయండి.

3. రిపోర్టుని నమ్మేముందు తూకం వేయండి

నీళ్లలో ధన అయాన్లు, రుణ అయాన్లు సమానంగా ఉండాలి. ప్రతి అంకెనీ దాని ఈక్వివలెంట్ బరువుతో (అయాన్ భారం ÷ దాని ఆవేశం) భాగించి కూడండి. ఉదాహరణ రిపోర్టు లీటరుకి మిల్లీగ్రాముల్లో: కాల్షియం 120, మెగ్నీషియం 85, సోడియం 640, పొటాషియం 15, బైకార్బొనేట్ 427, సల్ఫేట్ 192, క్లోరైడ్ 1065, నైట్రేట్ 19. సిలికా 45, ఐరన్ 0.6.

కాల్షియం 120 ÷ 20 = 6.0. మెగ్నీషియం 85 ÷ 12.15 = 7.0. సోడియం 640 ÷ 23 = 27.8. పొటాషియం 15 ÷ 39 = 0.4. మొత్తం 41.2. ఇటు వైపు బైకార్బొనేట్ 427 ÷ 61 = 7.0, సల్ఫేట్ 192 ÷ 48 = 4.0, క్లోరైడ్ 1065 ÷ 35.5 = 30.0, నైట్రేట్ 19 ÷ 62 = 0.3. మొత్తం 41.3. సరిపోయింది. 5 శాతం కంటే ఎక్కువ తేడా వస్తే ల్యాబ్‌కి ఫోన్ చేయాలి. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక బటన్ నొక్కితే సోడియమో క్లోరైడో తనే కలిపి సరిచేస్తుంది. దాంతో లెక్క కుదురుతుంది గానీ రిపోర్టులో తప్పు అలాగే ఉంటుంది.

అయాన్లన్నీ సిలికాతో కలిపి కూడితే 2,600 దాటుతుంది, ల్యాబ్ మాత్రం టీడీఎస్ 2,390 అని ఇస్తుంది. కంగారు పడకండి. నీళ్లు ఇగిర్చి తూచేటప్పుడు బైకార్బొనేట్ సగం బరువు గాలిలోకి పోతుంది. 427లో సగం అంటే 214 తీసేస్తే రెండూ కలుస్తాయి. కొత్తగా చేరిన ఇంజనీర్లు ఈ తేడా చూసి మంచి రిపోర్టుని కూడా పక్కన పడేస్తుంటారు.

4. సైజు లెక్క

ముందు రికవరీ. 70 శాతం అంటే రిజెక్టులో (మెంబ్రేన్ దాటకుండా బయటికి పోయే ఉప్పునీళ్లు) ఉప్పులు 1 ÷ (1 − 0.7) = 3.33 రెట్లు చిక్కబడతాయి. సిలికా 45 కాస్తా 150 అవుతుంది. యాంటీస్కేలెంట్ (ఉప్పులు మెంబ్రేన్ మీద గట్టిపడకుండా ఆపే కెమికల్) లేకుండా అది ప్రమాదం అంచున ఉంటుంది, సరైన యాంటీస్కేలెంట్‌తో నడుస్తుంది. క్లయింటు "75 చేయండి, నీళ్లు మిగులుతాయి" అంటే సిలికా 180కి పోతుంది. అప్పుడు సిలికాకి ప్రత్యేకమైన యాంటీస్కేలెంట్ పెట్టి, ఆ తయారీదారు సాఫ్ట్‌వేర్ రిపోర్టు జత చేస్తేనే ఒప్పుకోండి. కాల్షియం కార్బొనేట్‌కి ఎల్ఎస్ఐ (అది పేరుకునే గుణాన్ని చెప్పే సూచిక), బేరియం సల్ఫేట్ సంతృప్తత కూడా అదే రిపోర్టులో చూడాలి. సిలికా ఒకసారి గట్టిపడితే మామూలు యాసిడ్ కడుగుడుకి లొంగదు. అందుకే రికవరీ దగ్గర మొహమాటం వద్దు.

ఇప్పుడు మెంబ్రేన్‌లు. 8 అంగుళాల మెంబ్రేన్‌కి దాదాపు 37 చదరపు మీటర్ల వైశాల్యం. బోరు నీళ్లకి చదరపు మీటరుకి గంటకి 22 లీటర్ల దగ్గర ఫ్లక్స్ (మెంబ్రేన్ దాటే నీళ్ల వేగం) పెట్టుకుంటే నిద్ర పడుతుంది. 10,000 ÷ (37 × 22) అంటే 12 మెంబ్రేన్‌లు. నాలుగేసి పట్టే వెసెల్స్ (మెంబ్రేన్‌లు ఉండే గొట్టాలు) మూడు, మొదటి దశలో రెండు, రెండో దశలో ఒకటి. ప్రతి వెసెల్ చివర నుంచి వచ్చే రిజెక్టు గంటకి 3 క్యూబిక్ మీటర్లకి తగ్గకూడదు. మన లెక్కలో మొదటి దశలో వెసెల్‌కి దాదాపు 3.5, చివర్లో 4.3 వస్తుంది. ఇక మెంబ్రేన్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో వేసి ఖాయం చేయండి. చేత్తో వేసిన లెక్కకీ సాఫ్ట్‌వేర్‌కీ పెద్ద తేడా వస్తే మీరు ఇచ్చిన ఇన్‌పుట్‌లో తప్పు వెతకండి.

ప్రొజెక్షన్ రెండుసార్లు నడపాలి. నీళ్లు చల్లగా ఉన్నప్పుడు ప్రెజర్ ఎక్కువ కావాలి, కాబట్టి పంపుని తక్కువ ఉష్ణోగ్రత, మూడేళ్ల పాత మెంబ్రేన్ మీద ఎంచండి. నీళ్లు వేడెక్కితే ఉప్పు ఎక్కువ దాటుతుంది, కాబట్టి నాణ్యత గ్యారంటీని 35 డిగ్రీల దగ్గర, మూడేళ్ల మెంబ్రేన్ మీద తీసుకోండి. ఎండాకాలం మన ఎండకి నల్లపైపులో నిలిచిన నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి, రా వాటర్ ట్యాంకు నీడలో ఉందో లేదో కూడా అడగండి. కొత్త మెంబ్రేన్‌కి సాఫ్ట్‌వేర్ 60 టీడీఎస్ చూపిస్తే, అదే అంకె గ్యారంటీగా రాసే తప్పు చేయొద్దు. ఇలాంటి నీళ్లకి 150 లోపు అని రాయడం న్యాయం.

హై ప్రెజర్ పంపు 15 బార్ అనుకుంటే 14.3 × 15 ÷ 36 (యూనిట్లు మార్చే అంకె) = 6 కిలోవాట్లు, పంపు సామర్థ్యం 65 శాతంతో భాగిస్తే 9.2. మోటారు 11 కిలోవాట్లు, వీఎఫ్‌డీతో (మోటారు వేగం మార్చే పరికరం). ఫీడ్ పంపు (ముడి నీళ్లని ప్లాంటులోకి తోసేది) కూడా కలిపితే కరెంటు రోజుకి 260 యూనిట్ల చుట్టూ, అంటే కిలోలీటరుకి 1.3 యూనిట్లు.

ముందు శుద్ధికి వస్తే, ఐరన్ 0.6 ఉంది, మెంబ్రేన్ దాకా 0.05 మించి పోకూడదు. హైపో (క్లోరిన్ ద్రావణం) డోసింగ్‌తో ఐరన్‌ని పొడిగా మార్చి, కాస్త నిలవ టైము ఇచ్చి, మల్టీగ్రేడ్ (ఇసుక పొరల) ఫిల్టర్‌లో పట్టాలి. 14.3ని గంటకి 12 మీటర్ల వేగంతో భాగిస్తే 1.2 చదరపు మీటర్లు, అంటే 1200 మిల్లీమీటర్ల వ్యాసం ఎఫ్ఆర్‌పీ (ఫైబర్‌గ్లాస్) వెసెల్ ఒకటి. దాన్ని బ్యాక్‌వాష్ చేయడానికి గంటకి 30 క్యూబిక్ మీటర్ల దాకా కావాలి, ఫీడ్ పంపు ఇచ్చేది అందులో సగమే. బ్యాక్‌వాష్ పంపుని మర్చిపోయిన ప్రపోజల్స్ చాలానే వస్తుంటాయి. అలాంటి ఫిల్టర్ కొద్ది నెలల్లోనే లోపల మట్టి ముద్దలు కట్టుకుంటుంది.

హైపో వేశాం కాబట్టి క్లోరిన్ మెంబ్రేన్‌కి తగలకుండా సోడియం మెటాబైసల్ఫైట్ వేయాలి, ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌కి మూడు మిల్లీగ్రాములు. డోసింగ్ పంపు ఆగితే హై ప్రెజర్ పంపు కూడా ఆగేలా ఇంటర్‌లాక్ పెట్టండి, ఓఆర్‌పీ మీటరు (క్లోరిన్ మిగిలిందో లేదో పసిగట్టేది) స్కోప్‌లో రాయండి. తర్వాత యాంటీస్కేలెంట్ 3 పీపీఎం, అంటే రోజుకి 0.86 కిలోలు. ఆపైన 5 మైక్రాన్ కార్ట్రిడ్జ్‌లు, 40 అంగుళాలవి ఏడు.

కెమికల్ క్లీనింగ్ ట్యాంకు ఉందని రాసి పంపు చిన్నది పెట్టడం ఇంకో అలవాటైన పొరపాటు. 8 అంగుళాల వెసెల్‌కి గంటకి 7 నుంచి 9 క్యూబిక్ మీటర్లు కావాలి. మొదటి దశలో రెండు వెసెల్స్ కాబట్టి పంపు 16 ఇవ్వాలి, ట్యాంకు 500 లీటర్లు ఉండాలి.

లోహాల సంగతి. రిజెక్టులో క్లోరైడ్ 3,500 దాటుతుంది. హై ప్రెజర్ లైను ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) 304తో వేస్తే కప్లింగ్‌ల కింద సన్న రంధ్రాలు పడతాయి. 316ఎల్ పెట్టి, ప్లాంటు ఆగిన ప్రతిసారీ ప్రొడక్ట్ నీళ్లతో ఫ్లష్ అయ్యేలా చేయండి. క్లోరైడ్ ఇంకా ఎక్కువైతే డూప్లెక్స్ 2205. ఉప్పుగాలికి మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ఫ్రేము వెల్డింగుల దగ్గర ముందు తుప్పు పడుతుంది, ఎపాక్సీ పెయింటు ఎన్ని మైక్రాన్లో రాయండి.

ప్రొడక్ట్ నీళ్ల పీహెచ్ 6 దగ్గరికి పడిపోతుంది, జీఐ పైపుని తినేస్తుంది. పీహెచ్ సరిచేసే డోసింగ్, ఆఖర్న యూవీ, నిలవ ట్యాంకులో క్లోరిన్, ఈ మూడూ ప్రాసెసింగ్ యూనిట్‌కి తప్పవు.

కనిగిరి, పామూరు వైపు తాగునీటి ప్లాంటు అయితే చూసుకోవాల్సింది ఫ్లోరైడ్. ప్రమాణం లీటరుకి 1.0 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా. ఆర్వో ఫ్లోరైడ్‌ని బాగానే ఆపుతుంది. వచ్చే నీళ్లు మరీ చప్పగా ఉంటాయని కొంత ముడి నీళ్లు కలుపుతారు. ముడి నీళ్లలో 4, ఆర్వో నీళ్లలో 0.2 ఉంటే, 1.0 దాటకుండా ఐదోవంతు మించి కలపకూడదు. కలిపే వాల్వ్‌ని సీలు చేసి, ఆ శాతం ప్రపోజల్‌లో రాయండి. ఆపరేటర్ చేతికి వదిలేస్తే పిల్లల పళ్ల మీద మచ్చలు మళ్లీ మొదలవుతాయి. ఆర్వోకి బదులు ఫ్లోరైడ్‌ని పట్టే యాక్టివేటెడ్ అల్యూమినా చవక అనిపిస్తుంది గానీ, ఆల్కలినిటీ ఎక్కువున్న బోరు నీళ్లలో దాని పట్టు తగ్గిపోతుంది, రీజనరేషన్ కెమికల్స్, ఆ వృథా నీళ్లు చూసుకునే మనిషి ఊళ్లో ఉండాలి.

5. రిజెక్టు ఎక్కడికి?

ప్రపోజల్స్‌లో చాలామంది దీన్ని ఆఖరి పేజీలో, "రిజెక్ట్ డిస్పోజల్ క్లయింట్ స్కోప్" అని చిన్న అక్షరాల్లో పెట్టి చేతులు దులుపుకుంటారు. అది తప్పు. మన ప్లాంటు రోజుకి 86 క్యూబిక్ మీటర్ల ఉప్పునీళ్లు వదులుతుంది, దాదాపు 7,800 టీడీఎస్. ఆ అంకె మొదటి పేజీలో ఉండాలి.

ఆవిరి చెరువు కట్టుకుంటామంటే లెక్క వేసి చూపించండి. నికరంగా రోజుకి 5 మిల్లీమీటర్లు ఆవిరవుతుందనుకున్నా 86 ÷ 0.005 = 17,200 చదరపు మీటర్లు, అంటే నాలుగెకరాల పైన. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాననీళ్లే దాన్ని నింపేస్తాయి. పక్కనే వరి పొలాల కాలవ ఉంటే అందులోకి వదలడం కుదరదు, ఒక్క పంట దెబ్బతింటే గొడవ కలెక్టరాఫీసు దాకా పోతుంది. ఈటీపీలో (ఫ్యాక్టరీ మురుగునీటి శుద్ధి ప్లాంటు) కలపాలంటే బయటికెళ్లే నీళ్ల టీడీఎస్ పెరుగుతుంది, కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సీఎఫ్ఓలో (ఫ్యాక్టరీ నడిపే అనుమతి) పరిమితి చూడాలి. టాయిలెట్ ఫ్లష్‌కి, యార్డు కడగడానికి కొంత పోతుంది. ఏదీ కుదరకపోతే, ముందే చెప్పిన మాట, ఆర్వో నీళ్ల వాడకం తగ్గించడమే చవకైన దారి.

6. స్కోప్ పట్టిక

ఎవరు ఏం ఇస్తారో రెండు నిలువు వరసల్లో రాయండి, "మేము", "మీరు" అని. గొడవలు వచ్చేవి పెద్ద వస్తువుల మీద కాదు. రా వాటర్ పైపు ప్లాంటు రూము దాకా ఎవరు తెస్తారు, ప్యానెల్‌కి వచ్చే కేబులు ఎవరిది, లారీలోంచి దించే క్రేను ఎవరిది, డ్రెయిన్ ఎవరు కడతారు, మా వాళ్లకి సైట్లో బస ఎవరు చూస్తారు, వీటి మీద వస్తాయి. ప్రతి హద్దుకీ చోటు రాయండి: "ఫీడ్ పంపు సక్షన్ ఫ్లాంజ్ దగ్గర మొదలు, ప్రొడక్ట్ ట్యాంకు ఇన్‌లెట్ దగ్గర ముగింపు." సివిల్ క్లయింటుదే అయినా బరువులు మీరే ఇవ్వాలి. నీళ్లు, ఇసుక నిండిన 1200 వ్యాసం ఫిల్టర్ మూడు టన్నుల పైన ఉంటుంది. తీరం ఇసుక నేలలో, నల్లరేగడిలో పునాది వేసేవాళ్లకి ఆ అంకె కావాలి.

7. కాస్టింగ్

మెంబ్రేన్‌లు, వెసెల్స్, పంపులు, ఇన్‌స్ట్రుమెంట్లు, ప్యానెల్, వీటికి కనీసం రెండు కొటేషన్లు, ప్రతిదాని మీదా తేదీ, గడువు. పాత ప్రాజెక్టు రేటు ఎత్తి పెట్టకండి. పైపింగ్‌ని "లంప్‌సమ్" అనకుండా మీటర్లు, వాల్వులు లెక్కపెట్టండి, అంచనా ఎక్కువగా తప్పేది అక్కడే. రవాణా, ఎరెక్షన్, కమిషనింగ్, మొదటి విడత కెమికల్స్, బ్యాంకు గ్యారంటీ ఖర్చు, డబ్బు ఆగిపోయే నెలల వడ్డీ, అనుకోని ఖర్చులకి 3 నుంచి 5 శాతం, ఇవన్నీ విడివిడిగా వేయండి. జీఎస్టీ వేరే లైన్లో.

మార్జిన్ దగ్గర చాలామంది తప్పేది ఒక్క గుణకారంలో. ఖర్చు 40 లక్షలు, అమ్మకంలో 15 శాతం మిగలాలి అంటే 40 ÷ 0.85 = 47.06 లక్షలు. 40 × 1.15 అంటే 46 లక్షలే. లక్ష పైన అక్కడే జారిపోతుంది.

8. కాగితం మీద పెట్టడం

మొదటి పేజీ ఒక్కటి చదివినా యజమానికి సంగతి అర్థం కావాలి: ఎన్ని నీళ్లు, ఏ నాణ్యత, ఎంత కరెంటు, ఎంత రిజెక్టు, ఎంత చోటు, ఎంత ధర. వెనక డిజైన్ ఆధారం, ఫ్లో డయాగ్రం, నీళ్ల లెక్క, పరికరాల జాబితా తయారీదారు పేర్లతో, ఎలక్ట్రికల్ లోడు, స్కోప్ పట్టిక, మినహాయింపులు, వాణిజ్య షరతులు, ప్రొజెక్షన్ ప్రింటు.

గ్యారంటీ నీళ్లు నమలకుండా రాయండి. "ఫీడ్ టీడీఎస్ 3,000 లోపు, ఐరన్ 1.0 లోపు, సిలికా 45 లోపు, ఉష్ణోగ్రత 35 లోపు ఉన్నప్పుడు గంటకి 10 క్యూబిక్ మీటర్లు, టీడీఎస్ 150 లోపు" అని రాసి, ఎన్ని గంటల పరీక్షలో చూపిస్తారో, నీళ్లు ఏ పాయింట్ దగ్గర పడతారో కూడా రాయండి. ఫీడ్ పరిమితులు రాయని గ్యారంటీ మీద సంతకం పెట్టొద్దు.

డబ్బు విడతల్లో ఆఖరి 10 శాతం కమిషనింగ్‌కి ముడిపెడతారు. సైటు రెడీ కాకపోతే అది ఏడాది ఆగుతుంది. "మా వల్ల కాని ఆలస్యమైతే డిస్పాచ్ నుంచి 90 రోజుల్లో" అన్న మాట చేర్చండి. వారంటీ కమిషనింగ్ నుంచి 12 నెలలు లేదా డిస్పాచ్ నుంచి 18 నెలలు, ఏది ముందైతే అది. ఆలస్య జరిమానాకి వారానికి 0.5, మొత్తం మీద 5 శాతం పరిమితి అడగండి. ఆఫర్ గడువు 30 రోజులు చాలు.

ప్రభుత్వ టెండరైతే పద్ధతి వేరు. షరతులు మార్చి రాస్తే బిడ్డే పోతుంది, సందేహాలన్నీ ప్రీబిడ్ మీటింగ్‌లోపు రాతపూర్వకంగా అడగాలి. టెక్నికల్ కవర్లో పొరపాటున ధర కనిపించకుండా చూడండి. ఈఎండీ (టెండరు బయానా), డిజిటల్ సంతకం ముందు రోజే సరిచూసి, ఆఖరి గంట దాకా ఆగకుండా అప్‌లోడ్ చేయండి.

9. పంపాక

రెండు రోజుల్లో ఫోన్ చేసి ప్రపోజల్ కలిసి చదవండి. "పక్కవాళ్లు 20 శాతం తక్కువకిస్తున్నారు సార్" అంటారు. ధర తగ్గించకముందు ఆ ప్రపోజల్‌లో నాలుగు అంకెలు చూడమనండి: మెంబ్రేన్‌లు ఎన్ని, రికవరీ ఎంత, ఐరన్‌కి ఏం పెట్టారు, హై ప్రెజర్ లైను ఏ లోహం. 12కి బదులు 9 మెంబ్రేన్‌లు పెడితే ఫ్లక్స్ 30కి పోతుంది. మొదటి నెల నీళ్లు బాగానే వస్తాయి. ఆ తర్వాత మెంబ్రేన్‌లు మాటిమాటికీ మూసుకుపోయి కెమికల్ క్లీనింగ్‌లు పెరుగుతాయి, మెంబ్రేన్ ఆయుష్షు తరుగుతుంది. ఆ పక్క ప్రపోజల్ నిజంగా మీ దానితో సమానమైతే అది కూడా ఒప్పుకుని, తగ్గించగల చోట తగ్గించండి: ఆటోమేటిక్ వాల్వులకి బదులు చేతి వాల్వులు, ప్రొడక్ట్ ట్యాంకు క్లయింటే కట్టుకోవడం. మెంబ్రేన్‌ల సంఖ్య, ఐరన్ ఫిల్టర్, బ్యాక్‌వాష్ పంపు, వీటి జోలికి వెళ్లొద్దు.

ఏ మార్పు చేసినా ఆర్0, ఆర్1, ఆర్2 అని నంబరు వేసి, ఏం మారిందో మొదటి పేజీలో రాయండి. ఫోన్లో ఒప్పుకున్నది ఆ సాయంత్రమే మెయిల్‌లో పెట్టండి. ఆర్డరు వచ్చినప్పుడు క్లయింటు పర్చేజ్ ఆర్డర్‌లో పేర్కొన్న రివిజన్ నంబరు, మీ ఆఖరి రివిజన్ ఒకటేనా అని ముందు చూడండి. తేడా ఉంటే అంగీకారం తెలపకముందే సరిచేయించండి. తర్వాత ప్రాజెక్ట్ టీముకి అప్పగించేటప్పుడు కాస్టింగ్ షీటు, వెండర్ కొటేషన్లు, ల్యాబ్ రిపోర్టు, ప్రొజెక్షన్ ఫైలు, క్లయింటుతో నోటిమాటగా ఒప్పుకున్న చిన్న చిన్న విషయాల జాబితా, అన్నీ ఇవ్వండి. డ్రాయింగులు మొదలుపెట్టకముందే కొత్త శాంపిల్ ఒకటి తీయించమనండి, ఎంక్వైరీకీ ఆర్డరుకీ మధ్య ఒక వానాకాలమో ఎండాకాలమో గడిచిపోయి ఉంటుంది.